తాళాలు ఇచ్చేశాక: ఒక సంఘ కాపరి అనుభవం

పదహారు నెలలు పట్టింది. మొదలుపెట్టేటప్పుడు మూడు నెలల్లో అయిపోతుందనుకున్నాను. మా చర్చి సంఘం లెక్కలు, తాళాలు, సర్టిఫికెట్లు, జాబితాలు వేరేవాళ్ల చేతికి ఇచ్చేసి నేను మనుషుల దగ్గర కూర్చుంటాను, ఇంతే కదా అనుకున్నాను. ఇదే ఆలోచనలో ఉన్న తోటి కాపరులకూ సంఘ పెద్దలకూ మధ్యలో ఏమేం ఎదురవుతుందో తెలియాలని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది దాదాపు 140 కుటుంబాల సంఘం. పదకొండేళ్లుగా కాపరిని, అంటే పాస్టర్ని, నేనొక్కడినే. కిందటేడు జనవరి చివర్లో ఒక రోజు రాత్రి కూటం అయ్యాక ఒక తమ్ముడు ఆగి, "అన్నా, ఐదు నిమిషాలు మాట్లాడాలి" అన్నాడు. గంటన్నర మాట్లాడాడు. ఫోన్‌లో బెట్టింగ్ ఆడి అప్పుల్లో పడ్డాడు. ఇంట్లో తెలియదు. చాలాసేపు ఏడ్చాడు. ఇద్దరం మోకరించి ప్రార్థన చేశాం. వెళ్లేటప్పుడు "ఇది మన మధ్యే ఉండాలన్నా" అన్నాడు. సరేనన్నాను.

ఆ తమ్ముడు ఆదివారం కానుకలు లెక్కపెట్టే ముగ్గురిలో ఒకడు. ఎవరు ఎప్పుడు లెక్కపెట్టాలో నెలనెలా జాబితా రాసేది నేనే. శనివారం రాత్రి ఫిబ్రవరి జాబితా రాస్తూ అతని పేరు తీసేసి ఇంకొకరి పేరు వేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు కాబట్టి మాట తప్పలేదనే అనుకున్నాను. ఆదివారం పొద్దున అతను నోటీసు బోర్డు ముందు నిలబడి ఆ జాబితా చదవడం చూశాను. నా వైపు ఒక్కసారి తిరిగి చూసి, ఆరాధన మొదలవకముందే వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఇద్దరు వచ్చి "అయ్యగారూ, డబ్బులో ఏమైనా తేడా వచ్చిందా?" అని గుసగుసగా అడిగారు.

అప్పుల్లో ఉన్నవాణ్ణి డబ్బు దగ్గర నుంచి తప్పించడం తప్పని ఇప్పటికీ అనను. కానీ అతను ఏడుస్తూ చెప్పింది విన్నదీ నేనే, బోర్డు మీద పేరు తీసేసిందీ నేనే. కాపరికి చెప్పుకున్న మాటను కమిటీ మనిషి వాడుకున్నాడు. ఆ ఇద్దరూ నేనే కావడం వల్ల ఇక అతను వెళ్లి మొర పెట్టుకోవడానికి ఇంకో మనిషి లేకుండా పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళ్తే లోపలి నుంచి బయటికి రాలేదు.

ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. బైబిల్లో యెహెజ్కేలు 34వ అధ్యాయం తీసి చదువుకున్నాను. అక్కడ దేవుడు కాపరులను నిలదీస్తున్నాడు. బలహీనమైనదాన్ని బలపరచలేదు, గాయపడినదానికి కట్టు కట్టలేదు, తప్పిపోయినదాన్ని వెదకలేదు అంటాడు. లెక్కలు సరిగా రాయలేదని మాత్రం ఎక్కడా అనడు. నా లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మార్చిలో రెండు వారాలు నేను చేసే ప్రతి పనినీ, పట్టిన సమయంతో సహా ఒక నోటుపుస్తకంలో రాశాను. ఈ పని మొదలుపెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు ఇది చేయాలని గట్టిగా చెప్తాను, ఎందుకంటే మన అంచనా చాలా తప్పుగా ఉంటుంది. మనుషుల కోసం వారానికి ఇరవై గంటలైనా పెడుతున్నానని నా నమ్మకం. మొదటి వారం మొత్తం 61 గంటలు పనిచేశాను. అందులో లెక్కలు, రసీదులు, హాలు బుకింగులు, మైకు రిపేరు, సభ్యత్వ ఉత్తరాలు, కమిటీ ఫోన్లు కలిపి 34 గంటలు. ప్రసంగాలు సిద్ధం చేసుకోవడానికి 13. ఆరాధనలు, కూటాలు 9. ఒక మనిషితో తీరిగ్గా కూర్చుని మాట్లాడింది 5 గంటలు. ఆ ఐదు గంటల్లోనూ మధ్యమధ్యలో ఎన్ని ఫోన్లు ఎత్తానో రాసుకున్నాను: పదకొండు.

ఆ పేజీ నా భార్యకు చూపించాను. తను చాలాసేపు చూసి, "ఈ ఐదు గంటల్లో మనం ఉన్నామా?" అని అడిగింది. మేము ఏ గంటలోనూ లేము.

ఏప్రిల్ మొదటి వారంలో పెద్దల కూటంలో ఆ పుస్తకం బల్ల మీద పెట్టాను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదివాం. విధవరాళ్లకు రోజువారీ ఆహారం పంచిపెట్టే దగ్గర సణుగు పుట్టడం, అపొస్తలులు (యేసు పంపిన శిష్యులు) వాక్యం విడిచి బల్లల దగ్గర సేవ చేయడం తగదనడం, స్తెఫను, ఫిలిప్పులతో కలిపి ఏడుగురిని ఏర్పరచడం అందరికీ తెలిసిన కథే. ఆ రోజు నేను దాన్ని చాలా తేలిగ్గా వాడుకున్నాను. వాక్యం, ప్రార్థన పై పని, బల్లల సేవ కింది పని అన్నట్టు మాట్లాడాను. అది ఎంత తప్పో తర్వాత తెలిసింది, ముందు ముందు చెప్తాను.

ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన అన్నది ఇది: "అయ్యగారి చేతిలో తాళాలు లేకపోతే మాట ఎవరూ వినరు." కోపంతో కాదు, నిజంగా నా మీద ప్రేమతో అన్నాడు. ఇంకొకాయన నిర్గమకాండం 18లో మామ యిత్రో మోషేతో అన్నది గుర్తు చేశాడు. అందరి తగవులూ ఒక్కడే కూర్చుని తీరుస్తుంటే మోషే ఒక్కడే కాదు, అతనితో ఉన్న ప్రజలు కూడా నలిగిపోతారని అక్కడ ఉంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా లైన్లో నిలబడింది ప్రజలే కదా. ఆ మాటతో గది నెమ్మదించింది. అయినా నిర్ణయం ఆ రోజు కాలేదు. మూడు కూటాలు, ఏడు వారాలు పట్టింది. మే చివర్లో ఒప్పుకున్నారు.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఉచితంగా చేసేవాళ్లను చూద్దామని కొందరన్నారు. వారానికి 34 గంటల పని ఎవరి సాయంత్రాల్లోనూ ఇమడదు. గతంలో అకౌంట్స్ ఉద్యోగం చేసి మానేసిన ఒక అక్కను సగం రోజు జీతానికి తీసుకున్నాం, సాయానికి ఇద్దరు తమ్ముళ్లు. ఆ జీతం కోసం కొత్త సౌండ్ సిస్టం కొనడం ఒక ఏడాది వాయిదా పడింది. సంగీతం టీములో కొందరికి ఈ కోపం చాలాకాలం పోలేదు. ముందే వాళ్లతో కూర్చుని చెప్పి ఉండాల్సింది. బోర్డు మీద చదివి తెలుసుకున్నారు, అదే పొరపాటు రెండోసారి.

జూన్, జూలై, ఆగస్టు అప్పగింతలకే సరిపోయాయి. ఏమేం నా దగ్గర ఉన్నాయో నాకే తెలియదు. బీరువా తాళాలు నాలుగు. వాటిలో ఒకటి దేనిదో చివరిదాకా తేలలేదు. బాప్తిస్మ రిజిస్టరు రెండు పుస్తకాల్లో ఉంది, మధ్యలో ఎనిమిది నెలలు నా డైరీలో ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులు పద్నాలుగు, అన్నింటికీ అడ్మిన్ నేనే. కరెంటు బిల్లు నా సొంత ఫోన్ నంబరుకు వస్తోంది. బ్యాంకులో సంతకాలు మారడానికి ఏడు వారాలు పట్టింది. కమిటీ తీర్మానంలో ఒక పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టు లేదని కాగితాలు ఒకసారి వెనక్కి వచ్చాయి. తీర్మానం రాసేటప్పుడే కార్డులు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకుంటే ఒక నెల కలిసొస్తుంది.

తాళాలు ఇచ్చిన రోజు తేలిగ్గా ఉంటుందనుకున్నాను. ఇంటికొచ్చాక జేబు తడుముకుంటూ కూర్చున్నాను. ఆ పెద్దాయన అన్న మాట మనసులో తిరిగింది. నా మాట నిజంగా ఎందుకు వింటున్నారు? సర్టిఫికెట్ కావాలి కాబట్టా, పిల్ల పెళ్లికి హాలు కావాలి కాబట్టా, నేను చెప్పే దేవుని మాట కోసమా? పదకొండేళ్లలో ఈ ప్రశ్న వేసుకునే అవసరం రాలేదు.

జవాబు సెప్టెంబరులో వచ్చింది. నా గది తలుపు తెరిచి, సోమవారం నుంచి గురువారం దాకా సాయంత్రాలు ఎవరైనా రావచ్చని చెప్పాను. మొదటి వారం ఇద్దరు వచ్చారు. ఒకరు హాలు కోసం, ఒకరు రసీదు కోసం. ఇద్దరినీ అక్క దగ్గరికి పంపాను. రెండో వారం ఎవరూ రాలేదు. మూడో వారమూ అంతే. సంఘంలో మాత్రం ఒక మాట మొదలైంది: "అయ్యగారు ఇప్పుడు ఏ పనీ పట్టించుకోవడం లేదు." అది నా చెవిన పడిన రాత్రి వదిలేసిన ఆ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ చేరిపోదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చేరలేదు. కానీ చాలా దగ్గరికి వెళ్లాను.

తలుపు తెరిచి కూర్చుంటే మనుషులు రారు, మనమే వెళ్లాలి. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కిడర్‌మిన్‌స్టర్‌లో రిచర్డ్ బాక్స్టర్ అనే కాపరి, 800కు పైగా కుటుంబాలున్న పారిష్‌లో (తన కాపుదలలోని ప్రాంతంలో) ఒక్కో కుటుంబంతో మాట్లాడుతూ, సహాయకుడితో కలిసి ఏడాదిలో పూర్తి చేసేవాడు. సోమ, మంగళవారాలు పొద్దున నుంచి దాదాపు రాత్రి దాకా ఇదే పని. వారానికి పదిహేను, పదహారు కుటుంబాలు. ఆ లెక్క చూసి నాదీ వేసుకున్నాను. వారానికి మూడు ఇళ్లయితే 140 కుటుంబాలకు 47 వారాలు. అది చేయగలను అనిపించింది.

అక్టోబరు మొదటి మంగళవారం మొదటి ఇంటికి వెళ్లాను. తలుపు తీసిన అమ్మ కంగారుగా "ఏం పని మీద వచ్చారు అయ్యగారూ?" అంది. ఏ పనీ లేదమ్మా, మిమ్మల్ని చూసిపోదామని అన్నాను. ఆమె నమ్మలేదు. కానుక బాకీ ఏదైనా ఉందేమోనని ఇంట్లో ఆయన్ని పిలిచింది. ఆ తర్వాత ఐదు ఇళ్లలోనూ దాదాపు ఇదే ప్రశ్న. పదకొండేళ్లలో నేను వెళ్లిన ప్రతిసారీ ఏదో పని మీదే వెళ్లానని ఆ ప్రశ్నే చెప్పింది.

ఇంకోటి కూడా బయటపడింది. నాకు కూర్చోవడం రాదు. నలభై నిమిషాలు వినడం, మధ్యలో సలహా ఇవ్వకుండా ఉండటం, ఎదుటివాళ్లు ఆగిపోతే ఆ నిశ్శబ్దాన్ని భరించడం చాలా కష్టమయ్యాయి. ఎవరైనా కష్టం చెప్పగానే నా బుర్ర దాన్ని ఒక పనిగా మార్చేసేది: ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఉత్తరం రాయాలి. ఒక అక్క తన కొడుకు గురించి చెబుతూ ఆగిపోయి, "మీరు ఏం చేయక్కర్లేదు అయ్యగారూ, వినండి చాలు" అంది. ఆ మాటకు ఆమెకు రుణపడి ఉన్నాను.

నవంబరులో శిష్యత్వం కోసం ముగ్గురితో మొదలుపెట్టాను. ప్రతి గురువారం పొద్దున గంటన్నర, మార్కు సువార్త మాత్రమే, పుస్తకాలు లేవు, నోట్సు లేవు. వారం ఎలా గడిచిందో ఒక్కొక్కరూ నిజం చెప్పాలి, నాతో సహా. మొదటి ఐదు వారాలు అందరం ప్రార్థన మాటలే మాట్లాడుకున్నాం. ఆరో వారం నేను ఆ తమ్ముడి విషయం, పేరు చెప్పకుండా, నా తప్పు వరకు చెప్పాను. ఆ తర్వాతే మిగతావాళ్లు నోరు విప్పారు. ఒకతను జనవరిలో మానేశాడు. ఇద్దరు ఇప్పటికీ వస్తున్నారు. ముప్పై మందితో తరగతి పెట్టి ఉంటే రిపోర్టులో బాగుండేది. ఇద్దరితో అయ్యే పని ఆ ముప్పై మందితో అయ్యేది కాదు.

ఇక అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయాన్ని తప్పుగా వాడుకున్నానన్నాను కదా. డిసెంబరులో అక్క ఒక సంగతి చెప్పింది. ఒక పెద్దావిడ సభ్యత్వ కార్డు సరిచేయించుకోవడానికి నాలుగుసార్లు ఆఫీసుకు వచ్చింది. నాలుగోసారి అక్క "కార్డు ఎప్పుడో అయిపోయిందమ్మా, ఇంకేమైనా ఉందా?" అని అడిగితే, ఆవిడ కూర్చుని గంటసేపు భర్త పోయిన తర్వాతి రాత్రుల గురించి చెప్పింది. ఆవిడ నా గదికి ఒక్కసారీ రాలేదు. అది నేను పక్కకు నెట్టేసిన కింది పని. కాపరి చేయాల్సింది ఆ బల్ల దగ్గర జరిగింది.

1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ మనుషులకు జరిగింది ఇదే. మందిరం మీద ఉన్న అప్పు తీర్చడానికి మనిషికి వారానికో పెన్నీ (చిన్న నాణెం) ఇవ్వాలనుకున్నారు. దాదాపు పన్నెండేసి మందిని ఒక్కొక్కరికి అప్పగించారు. వసూలుకు ఇంటింటికీ తిరిగినవాళ్లకు ఎవరింట్లో ఏం జరుగుతోందో కనిపించడం మొదలైంది. మెథడిస్టుల క్లాస్ మీటింగులు, అంటే ఒకరి బాగోగులు ఒకరు చూసుకునే చిన్న గుంపులు, అక్కడి నుంచే పుట్టాయి. డబ్బు వసూలు చేయడానికి వేసిన ఏర్పాటు ఆత్మల్ని కాసే ఏర్పాటయింది. 6వ అధ్యాయంలో ఆ ఏడుగురిని ఎంచుకునేటప్పుడు లెక్కలొచ్చినవాళ్లని కాక, మంచిపేరు ఉండి, ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండినవాళ్లని ఎందుకు చూశారో అప్పుడు అర్థమైంది. నేను అక్కను తీసుకునేటప్పుడు అనుభవం, నమ్మకం చూశాను. ఆమె మంచి మనసు మాకు దొరికింది, అంతే. మేము వెదకలేదు.

అందుకే జనవరిలో మళ్లీ కూర్చుని గీత ఎక్కడ గీయాలో మార్చుకున్నాం. పనులు రెండు చోట్ల ఉన్నా ప్రేమ రెండు చోట్లా ఉండాలి. వేరుగా ఉండాల్సింది మాటలు. నా గదిలో చెప్పింది ఆఫీసుకు వెళ్లదు. ఆఫీసులో తెలిసింది నా దగ్గరికి రావాలంటే అక్క ముందు ఆ మనిషినే అడుగుతుంది: "అయ్యగారికి చెప్పనా?" ఆ పెద్దావిడ విషయం కూడా అలా అడిగాకే నాకు చెప్పింది. ఒక్క మినహాయింపు ఉంది. పిల్లలకు హాని జరుగుతున్నా, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నా నేను మౌనంగా ఉండను, చెప్పాల్సిన చోట చెప్తాను. ఇది ఎవరు మాట్లాడటానికి వచ్చినా మొదటే చెప్పేస్తాను. చెప్తే జనం భయపడి నోరు విప్పరేమోనని టెన్షన్ పడ్డాను. ఇప్పటివరకు ఒక్కరూ లేచి వెళ్లలేదు.

కానుకలు లెక్కపెట్టేవాళ్లు ఇప్పుడు మూడు నెలలకొకసారి అందరూ మారతారు. పేరు ఉండటానికీ లేకపోవడానికీ ఇక ఏ అర్థమూ లేదు. జాబితా అక్క రాస్తుంది. బోర్డు మీదికి వెళ్లేదాకా నేను చూడను. మొదట్లో ఒకసారి చూశాను. ఫిబ్రవరిలో, ఒక పేరు మార్చమని అడిగాను కూడా. అక్క నెమ్మదిగా "ఎందుకో చెప్పగలరా అయ్యగారూ?" అంది. చెప్పలేకపోయాను, ఎందుకంటే అది నా గదిలో విన్న మాట. ఆమె ఆ పేరు అలాగే ఉంచింది. నేను అతని దగ్గరికి వెళ్లి, నువ్వే తప్పుకుంటే మంచిదని ముఖాముఖి చెప్పాను. అతను రెండు రోజులు ఆలోచించుకుని, తనే అక్కకు ఫోన్ చేశాడు. ఆ మొదటి తమ్ముడి దగ్గరికి కూడా నేను అలా వెళ్లి ఉండాల్సింది.

ఆ తమ్ముడికి కిందటేడు జూలైలో చేత్తో ఒక ఉత్తరం రాశాను. వివరణలేమీ ఇవ్వలేదు. నువ్వు నాతో చెప్పుకున్నదాన్ని నీ మీదే వాడాను, క్షమించు అని రాశాను. ఐదు నెలలు జవాబు లేదు. డిసెంబరులో "అందింది అన్నా" అని రెండు మాటలు వచ్చాయి. ఈ ఏప్రిల్‌లో కలుద్దామని అతనే అడిగాడు.

కూర్చోగానే అతని మొదటి ప్రశ్న, "ఇప్పుడు జాబితా ఎవరు రాస్తున్నారు?" చెప్పాను. కాసేపు ఆగి, తను వేరే సంఘంలో చేరానన్నాడు. దానికి కావలసిన ఉత్తరం మార్చిలోనే మా ఆఫీసు నుంచి తీసుకున్నాడట. అక్క నాతో ఒక్క మాట కూడా అనలేదు. విన్నప్పుడు గుండెలో కలుక్కుమంది. మర్నాడు ఆఫీసులో అక్కను చూశాను కానీ ఏమీ అడగలేదు, ఆమె కూడా ఏమీ చెప్పలేదు.

మా రిజిస్టరులో అతని పేరు లేదు. రెండు వారాలకొకసారి మంగళవారం సాయంత్రం వస్తాడు, గంటసేపు కూర్చుంటాం. ఇంట్లో భార్యకు చెప్పేశాడు. అప్పు ఇంకా సగం ఉంది.